వినబడుతోందా?

మా పెద్దాడు పోయి ఇరవై రోజులైంది. వాడు పాటలు రికార్డు చేసే గదికి వెళ్లి, వాడి గొంతు ఏమైనా ఉంటే ఇమ్మని అడిగాను.

"ఇప్పుడే పాటల కంపెనీవాళ్లు వస్తున్నారాంటీ. పాడినావిడ గొంతున్న ప్రతి ముక్కా వాళ్లకిచ్చి ఇక్కడ చెరిపెయ్యాలి. వాడి మాటలు వాటి మధ్యలోనే ఉన్నాయి. ఒప్పందం మీద సంతకం కూడా వాడిదే," అన్నాడు వాడి భాగస్వామి.

"మాటిస్తే తప్పడు, వెధవ!" అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఒక్కసారి వినిపించు నాయనా."

అతను గడియారం చూసి, హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు.

"అమ్మా, వినబడుతోందా?"

మావాడే. ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడూ ఇదే అడిగాడు. నేను కోపం మీదుండి, పలక్కుండా పెట్టేశాను. ఇప్పుడు నోరు తెరిచేలోగానే ఎవరో ఆడమనిషి, "ఆఁ, వినబడుతోందండీ," అంది.

వాడు అమ్మా అన్నది పాడే ఆవిడని.

కింద కారు ఆగింది. అతను చెయ్యి చాపాడు. నేను హెడ్‌ఫోన్ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

అతను నన్నే చూశాడు. గబగబా ఏవో మీటలు నొక్కాడు. "ఆవిడ గొంతు వాళ్లది. వాడి గొంతు ఎవరిదో కాగితంలో రాయలేదాంటీ."

మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి. అతను మళ్లీ వినిపించాడు.

"అమ్మా, వినబడుతోందా?"

ఈసారి ఆవిడ పలకలేదు. ఆవిడ మాట ఉన్నచోటంతా ఖాళీ.

"వినబడుతోంది నాన్నా," అన్నాను.