ఆగని బండి

“ఇది దారిలో ఆగదు కదా?”

భర్త ఆ మాట ఎన్నోసారి అడుగుతున్నాడో లెక్కపెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది. షోరూములోని అమ్మాయి మాత్రం నవ్వు చెరగనివ్వకుండా, కొత్త బండి ఎందుకాగుతుంది సార్ అంది. ఎదురుగా రెండు ఎస్‌యూవీలు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి తెలుపు. ఒకే కంపెనీవే అయినా రకాలు వేరు, ధర మాత్రం ఇంచుమించు ఒకటే. పిల్లలిద్దరూ ఒకదాన్లోంచి దిగి ఇంకోదాన్లోకి ఎక్కుతున్నారు.

అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్లో ఏ మేడలో లిఫ్టు ఆగినా ముందు మోగేది అతని ఫోనే. సగం భోజనంలో చెయ్యి కడుక్కుని లేచిపోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

“రోజంతా ఆగిపోయినవాటితోనే నా బతుకు. ఇంట్లో ఒక్కటైనా ఆగనిది ఉండాలి,” అన్నాడు బయటికి వస్తూ.

పాత బండి అంతగా విసిగించింది మరి. కిందటిసారి ఆమె చెల్లెలింటికి భోజనానికి బయల్దేరితే, ఊరు దాటి పొలాల మధ్యకు రాగానే ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. అదే సమయానికి ఎక్కడో లిఫ్టు ఆగిందని ఫోను. నా బండే ఆగిపోయింది, ఇంకొకర్ని పంపుకోండి అన్నాడు. ఆఫీసువాళ్లు మారుమాట్లాడని కారణం అదొక్కటే. ఇక చేసేదేమీ లేక చెట్టు కింద దుప్పటి పరిచి, పెద్దమ్మాయితో గులకరాళ్ల ఆట ఆడి, ఓడిపోయి, తొండి ఆడిందని దాంతో పోట్లాడాడు. చిన్నది అతని ఒళ్లోనే నిద్రపోయింది. చివరికి వాళ్లు చేరేసరికి చెల్లెలు గిన్నెలు కడిగి బోర్లించేసింది. నడిచొచ్చినా ఇంతకంటే ముందే వచ్చేదానివి కదే అక్కా అని దెప్పింది కూడా.

ఇంటికి వెళ్లే దారిలో అతను విచారణంతా ఆమెకే అప్పగించాడు.

“నువ్వు వంకాయ కొన్నా నాలుగువైపులా తిప్పి చూసే మనిషివి. నలుగుర్నీ అడుగు. నువ్వు ఏది అంటే అదే కొందాం. దాచుకున్నదంతా దాన్లోనే పోస్తున్నాం, పొరపాటు పడితే మళ్లీ కొనే తాహతు మనకు లేదు.”

ఆమె అడిగింది. పక్కవాటా టీచరమ్మను అడిగింది, వీధి చివర ట్యాక్సీలవాళ్లను అడిగింది. ఒక బండికి వంక పెట్టినవాళ్లే కనబడలేదు. చెప్పిన మాట వినే ఎద్దులాంటిదమ్మా అన్నాడు ఓ డ్రైవరు. రెండోదాని పేరెత్తగానే మాత్రం టీచరమ్మ నుదురు కొట్టుకుంది. వాళ్ల మరిదికి అదే ఉందట.

ఆఖరికి పాత బండి బాగుచేసే షెడ్డు మేస్త్రి దగ్గరికి వెళ్లింది. అతను చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఆ రెండోదాని గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు.

“నన్నడిగితే అది వద్దమ్మా. వేడెక్కితే మొరాయిస్తుంది. పక్కకి తీసి ఆపమని ముందే లైటు వెలిగించి చెబుతుంది, ఆ మర్యాద ఉంది. ఆపాక మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలదు.”

“పిల్లలతో వెళ్లేవాళ్లకు ప్రమాదమా?”

“ప్రాణానికి ఢోకా లేదు. బ్రేకులూ అవీ గట్టివే. ప్రయాణానికే ఢోకా. రిపేరు కంపెనీవాళ్లు ఊరికే చేస్తారనుకోండి. కానీ దారిలో కూర్చునే ఓపిక ఎవరికుంటుంది?”

“మళ్లీ కదలాలంటే ఎంతసేపు పడుతుంది?”

“ఓ పూట పోయినట్టే.”

ఇంత వివరంగా అడిగి కొనేవాళ్లు తక్కువమ్మా అని మెచ్చుకున్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. పెద్దమ్మాయి పక్కన చేరింది.

“కొత్త బండి కూడా ఆగుతుందా నాన్నా?”

“ఆగదమ్మా. అస్సలు ఆగదు.”

“ఓహో,” అని అది లేచి వెళ్లి, కిటికీలో ఉన్న గులకరాళ్ల సంచీ తీసి అటక మీదికి విసిరేసింది. కంచంలో పెరుగు వడ్డించబోతున్న ఆమె చెయ్యి ఒక్క క్షణం నిలిచింది. అంతలో ఫోను మోగింది. అతను చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ అడిగాడు.

“ఇంతకీ ఏది ఖాయం చేశావు?”

పెరుగుగిన్నె మీద మూత పెట్టి వచ్చింది.

“నీలం.”

“బాగా విచారించావుగా?”

“అందర్నీ అడిగాకే చెబుతున్నాను.”

“నువ్వు చెప్పావంటే ఇంక నాకు చింత లేదు,” అని మెట్లు దిగిపోయాడు.

బండి ఇంటికొచ్చిన రోజు వీధిలో అందరూ వచ్చి చూశారు. అతను అద్దంలో తల దువ్వుకుని, నలుగురికీ వినబడేలా ఇంజను ఆన్ చేసి, బాగుందనిపించుకున్నాడు. తర్వాత పిల్లల్ని ఎక్కించి, ఈసారి మీ చెల్లెలు వంట మొదలుపెట్టకముందే చేరతాం చూడు అన్నాడు.

ఆమె ఇంట్లోంచి దుప్పటీ, మంచినీళ్ల డబ్బా, బిస్కెట్లూ తెచ్చి డిక్కీలో సర్దింది. మళ్లీ లోపలికి వెళ్లి, స్టూలెక్కి, అటక మీద గులకరాళ్ల సంచీ వెతికి తెచ్చి దుప్పటి మడతలో పెట్టింది.

అతను వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

“ఇవన్నీ ఇంకా ఎందుకే? ఇది ఆగే బండి కాదు.”

“అలవాటు ఎక్కడికి పోతుంది,” అంటూ డిక్కీ మూసి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

మేస్త్రి వద్దన్నది నీలం బండినే.