మొదటి నెల, మంచం కింద

వరద వచ్చిపోయిన మరుసటి ఏడు. ఏ నెలలో ఇంట్లో ఏది సర్దాలో ఏడాదికంతా రాసి, ఆ కాగితాన్ని కోడలు గోడకు అంటించింది. మొదటి నెలకే నా వడ్రంగి పెట్టె ఉంది.

"మంచం కింద నుంచి అది తీసెయ్యాలి మామయ్యా."

"నా రంపం, నా ఉలి నీకేం అడ్డమొచ్చాయి?"

"వచ్చాయి."

"ముందు పెట్టె, తర్వాత నేనా? నన్నే నెలలో గెంటుతావు?"

"మూడో తరగతి దాకా చదివారుగా, చూసుకోండి."

కోపంగానే కూడబలుక్కుంటూ చదివాను. మంచం కింద పెట్టె. తర్వాత సరుకుల డబ్బాలు, బీరువా కింది అర, పై అర. ఆఖరి నెలలో అటక.

ఆ వరస నాకు తెలుసు. నీళ్లు ఒక్కొక్కటే ముంచుకుంటూ పైకి వస్తుంటే అటకెక్కి నేనూ కోడలూ చూసిన వరస అది.

"భయమని నోటితో చెప్పొచ్చుగా?"

"చెబితే వినే మనిషేనా మీరు?"

మర్నాడు పొద్దున్నే గోడకు నిలువెత్తున చెక్క బిగించి, పెట్టె ఎక్కించబోయాను.

"ఆ ఎత్తు చాలదు," అంది కోడలు వెనక నుంచి.

మేకులు పీకి, మూరెడు పైన కొట్టాను.