జాడీ ముడి

దొరగారి బండి రూతమ్మ గడప ముందు ఆగింది.

పట్నం నుంచి వచ్చే అధికార్లకు సూర్యాపేటలో విందట. రూతమ్మ ఇంట్లో, చర్చిలో పంచే ప్రభువు బల్ల కోసం ఊరబెట్టే ద్రాక్షరసం జాడీతో సహా కావాలట.

ఆ జాడీ రూతమ్మ మామగారి తాత పెట్టింది. ఏటా కొత్త రసం పాతదాని మీద పోయడమే తప్ప, అడుగు ఎండనిచ్చింది లేదు. మూత తీస్తే, మిర్యాలగూడ పోయే ఎడ్లు వాసన పట్టుకుని కోదాడ దారిలోని ఈ ఊరికి మళ్లేవట. నమ్మకుంటే ఎడ్లనే అడగండి.

రూతమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"నేను కాపురానికి రాకముందు అడిగితే మా మామ ఇయ్యలే. ఆ కోపానికి మా మరిదిని పసిపిల్లగాడని సూడక వెట్టికి గుంజుకపోయిండ్రు. గప్పుడే ఇయ్యనిది గిప్పుడిస్తనా? నన్ను దాటుకొని పోండ్రి."

దాటడానికి దొర మనుషులకేం మొహమాటం? దాటారు.

వాళ్లలో ఒకడు రుచి చూసేవాడు. దొర నోట్లో పడేదేదైనా ముందు వాడి నోట్లో పడాలి. గడీలో మట్టయ్య అని పిలుస్తారు.

దొర కంటే ముందు మూతి పెట్టే కుక్కవని రూతమ్మ తిట్టింది.

 మూలన మంచం మీద కళ్లు కనపడని అత్త సుగుణమ్మ నిద్రపోతుంటే మట్టయ్య అటొకసారి చూశాడు. జాడీ గుడ్డ విప్పి, గరిటెడు రసం పుక్కిట పట్టాడు. చాలాసేపటికి ఉమ్మేశాడు.

"సిర్కా అయింది. గిది దొరకు పోస్తే మన వీపులు పగుల్తయి."

జాడీ దక్కిందని సంతోషించాలా? రూతమ్మకు ఒళ్లు మండింది.

"మా జాడీ పులుసుడా? మళ్ల తాగు."

తాగాడు. మళ్లీ ఉమ్మాడు.

రూతమ్మ విసిరిన గరిటెకు వాడి నొసలు చిట్లింది. నెత్తురు తుడుచుకుని, జాడీ మూతికి గుడ్డ చుట్టి దారంతో ముడేసి, వెళ్లిపోయాడు.

రూతమ్మ జాడీ పులిసిందన్న మాట ఆమె కంటే ముందే సంతకు చేరింది. సిగ్గుతో ఆమె ఆ జాడీ వైపే పోలేదు.

అంతలో దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు వస్తున్నారని, దొర గడీకి తాళమేసి నౌకర్లతో సహా హైదరాబాదు పారిపోయాడు.

శనివారం వచ్చింది. తెల్లారితే చర్చిలో ప్రభువు బల్ల. రూతమ్మ ఎంత గుంజినా జాడీ ముడి విడలేదు.

సుగుణమ్మ తడుముకుంటూ వచ్చి దాని మీద వేళ్లు పెట్టింది. వేళ్లు ఆగిపోయాయి. తర్వాత ఒక్క లాగుతో విప్పింది.

తియ్యటి వాసన ఇల్లంతా నిండింది.

రూతమ్మ రుచి చూసింది. తేనె.

"మరి వాడెందుకు అబద్ధమాడిండు అత్తా?"

సుగుణమ్మ ఆ దారం ముక్కను కళ్లకు అద్దుకుంది.

"గీ ముడి నా ఇద్దరు కొడుకులకే నేర్పిన. నీ పెనిమిటి మట్టిల కలిసిండు. మరి నా చిన్నోడు వచ్చి పోయిండా, బిడ్డా?"