వెనక్కి మళ్లినవాడు

"కూర్చో! పెద్దవాళ్లకు ఎదురు చెప్పమనేనా మీ ఇంట్లో నేర్పింది?"

ఫిజిక్స్ మాస్టారి అరుపుకు క్లాసంతా బిక్కచచ్చిపోయింది. నిలబడ్డ పిల్ల ఆయన అన్న కూతురే. అన్నదమ్ములిద్దరూ కవలలు. అన్న వేరే స్కూల్లో అదే ఫిజిక్స్ చెబుతాడు. ఇల్లు పంచుకున్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పిల్ల అడిగిందీ కవలల సంగతే.

"కదిలే గడియారం నెమ్మదిస్తుంది, అందుకే కవలల్లో రాకెట్లో పోయి తిరిగొచ్చినవాడు నేల మీదవాడికంటే చిన్నవాడవుతాడన్నారు కదా సార్? రాకెట్లోవాడి కంటికి కదిలేది భూమేగా! అప్పుడు నేల మీదవాడే చిన్నవాడు కావాలి కదా?"

మాస్టారికి జవాబు తట్టలేదు. తట్టలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"పుస్తకంలో ఉన్నది రాసుకో."

"రాసుకున్నాను సార్. అర్థమే కాలేదు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు అరిచాడాయన. పిల్ల కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ పిల్ల మొహమే కనిపించింది.

"పెదవులు కదులుతున్నాయి గానీ దేవుడి పేరు వినపడ్డం లేదేమిటండీ?" అంది భార్య.

"పసిదాన్ని అన్యాయంగా తిట్టానే. తెలియదని చెబితే నా కిరీటం ఊడిపోయేదా?"

"లేని కిరీటం ఎలా ఊడుతుంది?"

నవ్వు రాలేదాయనకు. పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. చివరికి చిక్కు వీడింది. ఇద్దరూ మార్పు లేని వేగంతో తిన్నగా పోతున్నంతసేపు, ఎవరికి వారు ఎదుటివాడి గడియారమే నెమ్మదనుకుంటారు. ఇద్దరి మాటా నిజమే. కానీ మళ్లీ కలవాలంటే ఒకడు వెనక్కి మళ్లాలి. మళ్లింది రాకెట్లోవాడు. అక్కడే ఇద్దరి లెక్కా వేరైపోతుంది, వాడికే కాలం తక్కువ గడుస్తుంది.

గబగబా చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"అన్నయ్య ఇంటికి."



అన్నే తలుపు తీశాడు. మాస్టారు తల దించుకునే మాట్లాడాడు. "అమ్మాయిని పిలువు అన్నయ్యా. క్షమించమని అడగాలి. దాని ప్రశ్నకు జవాబు చెప్పాలి."

తండ్రి వెనక నుంచి పిల్ల తొంగి చూసింది.

"జవాబు నాకు ముందే తెలుసు బాబాయ్. నీకు తెలియకపోతే తెలియదని చెప్పి, వెతుక్కుని మరీ మనింటికొచ్చి చెబుతావని నాన్నే నాతో అడిగించాడు... తిడతావని మాత్రం చెప్పలేదు."