పదకొండో సీసా

గ్లాసును తెల్లటి బల్లగుడ్డ మీదికి వంచి, వైన్ అంచు రంగు చూశాడతను. ఎర్రదనం ఎప్పుడో పోయింది. తడిసిన ఇటుక రంగు మిగిలింది.

ఎదురుగా గురువుగారి భార్య కూర్చుంది. ఆవిడ గ్లాసు వంక చూడటం లేదు. అతని ముఖం వంకే చూస్తోంది.

"పేపర్లో నీ ఫొటో చూశాన్రా," అంది. "ముక్కు మొత్తం గ్లాసులో దూర్చేశావు. ముఖం కనబడకపోయినా, ఆ ముక్కుని బట్టి పోల్చాననుకో."

అతను నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఎర్ర వైన్ రుచి చూసి, అది ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పడం అతని వృత్తి. వగరెంత, పులుపెంత, ఆ రెండింటి నడుమ పండు రుచి ఎన్నాళ్లు బతుకుతుంది, అంతా నాలుక మీదే తేల్చేస్తాడు. అతను ఇరవై ఏళ్లంటే జనం సీసాలు కొని దాచుకుంటారు. ఆ విద్యంతా ఈ ఇంటి కింద ఉన్న నేలమాళిగలో, గురువుగారి దగ్గర నేర్చుకున్నదే.

గురువుగారు చివరగా చేసింది పది లీటర్ల బుల్లి పీపా ఒక్కటే. పన్నెండు సీసాలయింది. ఆఖరి నెలంతా ఆయన మంచం దిగలేదు. అయినా చూడటానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే మాట. "నా బుల్లి పీపా ముప్పై ఏళ్లు నిలుస్తుంది. రాసిపెట్టుకోండి."

ఆయన పోయినప్పటి నుంచీ ఏటా ఇదే రోజున ఆవిడ కబురు పెడుతుంది. ఒక సీసా తెరుస్తారు. అతను రుచి చూస్తాడు. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది.

"లోపమేమైనా తగిలిందా?"

"ఏమీ లేదమ్మా. నిక్షేపంలా ఉంది."

పచ్చి అబద్ధం. మొదటి సీసాలోనే అతనికి తెలిసిపోయింది. కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన. దాని వెనకాలే గోళ్లరంగు తుడిచే మందు వాసన. పీపాలో ఉండగా గాలి తగిలింది. ఎలా తగిలిందో కూడా అతనికి తెలుసు.

పీపాలో వైన్ కొద్దికొద్దిగా ఆవిరై తగ్గుతూ ఉంటుంది. తగ్గినంత మేరా నింపి, పైనున్న బిరడాను చెక్క సుత్తితో బిగించాలి. గురువుగారు మంచాన పడ్డాక ఆ పని అతనిదైంది. ఆ రోజు బస్సు తప్పిపోతుందన్న కంగారులో ఆదరాబాదరాగా నింపి, పది రోజుల సెలవు మీద వెళ్లిపోయాడు.

తిరిగొచ్చి చూస్తే బిరడా పీపాకి లేదు. పక్కనున్న బల్ల మీద ఉంది.

బిగించాడో లేదో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. బిగిస్తే బల్ల మీదికి ఎలా వస్తుంది? ఆ నేలమాళిగకి రెండే తాళంచెవులు. ఒకటి తన జేబులో. రెండోది మంచం దిగలేని మనిషి తలగడ కింద.

చప్పుడు కాకుండా బిగించేశాడు. పైన గురువుగారు ముప్పై ఏళ్ల గురించి ఎవరికో చెబుతున్నారు. ఆ గొంతు వింటుంటే నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు. నాలుగు రోజులకు, చెబుదామన్నా ఆయన లేరు.

ఈసారికి రెండు సీసాలు మిగిలాయి. ఒకటి తెరిచారు. రెండోది బల్ల మీదే ఉంది. దాని పక్కన తెల్లకాగితం, కలం.

"మనవరాలు వచ్చే నెల నీ వృత్తే నేర్చుకోవడానికి చేరుతోంది," అంది ఆవిడ. "తాత చేసిన ఆఖరి సీసా కదా, వాళ్ల మాస్టర్ల ముందు తెరుస్తుందట. ఇది ఎన్నేళ్లు నిలుస్తుందో రాసి సంతకం పెట్టివ్వు."

"సంతకం ఎందుకమ్మా..."

"నీ మాటంటే దానికి గురి. లోపముంటే ఉందనే రాయి. మొహమాటపడకు."

అంటూనే ఆవిడ బల్లగుడ్డ అంచుని వేళ్ల మధ్య మెలిపెడుతోంది.

ఆవిడకు తెలిసిపోయిందా? పదిసార్లు నోటితో అన్న మాట గాలికి పోయింది. ఇది కాగితం. ఆ పిల్ల సీసా తెరుస్తుంది. మాస్టర్లు వాసన చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చేసింది ఎవరని అడుగుతారు. ఆ పిల్ల తలెత్తి తాత పేరు చెబుతుంది.

ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేశాడు. కలం తీశాడు. మళ్లీ కింద పెట్టేశాడు.

"అమ్మా, ఈ వైన్ పాడైపోయింది. ఇవాళ కాదు, మొదటి సీసా నుంచీ ఇంతే. గురువుగారి తప్పు రవ్వంతైనా లేదు. నేను బస్సు తొందరలో బిరడా బిగించకుండా వెళ్లిపోయాను. ఇన్నేళ్లూ మీ ఎదురుగా కూర్చుని అబద్ధమాడాను."

ఆవిడ వేళ్లు ఆగిపోయాయి.

"మొదటి సీసా నుంచీ తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"ఎంత పని చేశావురా!"

అతను తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. పొమ్మంటుందనుకున్నాడు. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ చెయ్యి వచ్చి అతని భుజం మీద పడింది.

"నువ్వు గట్టిగానే బిగించి వెళ్లావు నాయనా, ఆ సాయంత్రం ఒక్క గుక్క తెచ్చిపెట్టమని ఆయన బతిమాలితే, తలగడ కింది తాళంచెవి తీసుకెళ్లి, ఆ బిరడా ఊడపీకి, మళ్లీ పెట్టడం మరిచిపోయింది నేను."