పక్క మంచం మైకు

"సిస్టర్! సూది! ప్రాణం పోతోంది, సూది!"

పక్క మంచం ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడు. వార్డులో అందరూ ఆయన్ని 'మైకు' అంటారు. పేరుకు తగ్గ గొంతే.

నర్సు పరుగున వచ్చి రెండు మంచాల చుట్టూ తెర లాగేసింది.

"మీరు కాసేపు బయట ఉండండి."

ఇవతలి మంచం రోగి కొడుకు పళ్లు నూరుకుంటూ వరండాలోకి నడిచాడు. అతనికే అరవై దాటాయి. లోపలున్న తండ్రికి ఎనభై ఎనిమిది. గొంతు క్యాన్సరు మాటను మింగేసి మూడు నెలలైంది. బతికించలేమని, బాధ లేకుండా సాగనంపడమొక్కటే తమ చేతుల్లో ఉందని డాక్టరు చెప్పేశాడు.

కొడుకూ అదొక్కటే కోరుకుంటున్నాడు. నాన్న ప్రశాంతంగా పోవాలి.

ఈ మైకు పక్కనుంటే ప్రశాంతత ఎక్కణ్ణించి వస్తుంది?

తెర తీయగానే వెళ్లి నిలదీశాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ! మా నాన్నను చూడు, కిక్కురుమనకుండా ఎలా ఓర్చుకుంటున్నాడో. నీకేమిటా గావుకేకలు?"

"అది కాదు బాబూ, నేను అరవకపోతే..."

"అరవకపోతే కొంపలేం మునిగిపోవులే!"

మర్నాడు ఆ నర్సుకు సెలవు. కొడుకు తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్లాడు.

"నోరున్నవాడిదే రాజ్యమైపోయిందండీ ఇక్కడ!"

గంటలో మైకు మంచాన్ని వరండా చివరి గదికి తోసుకుపోయారు. పోతూ పోతూ కూడా ఆయన ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

వార్డు సద్దుమణిగింది.

మధ్యాహ్నం తండ్రి అతని చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడైనా ఒళ్లో కూర్చోబెట్టుకోని మనిషి, గోళ్లు దిగేంత గట్టిగా పట్టుకున్నాడు. కొడుకు కళ్లనీళ్ల పర్యంతమయ్యాడు. కొత్త నర్సు తొంగి చూస్తే, మాట్లాడొద్దన్నట్టు పెదవి మీద వేలు పెట్టి పంపించేశాడు.

లైట్లు వేసే వేళకు ఆ పట్టు సడలింది. నాన్న పోయాడు.

రెండోరోజు సామాన్ల కోసం వస్తే పాత నర్సు కనిపించింది.

"చాలా ప్రశాంతంగా పోయారు సిస్టర్. చివరిదాకా నా చెయ్యి వదల్లేదు" అంటూ గోటి గాట్లు చూపించాడు. అతని గొంతులో గర్వం.

నర్సు ఆ గాట్లను చూసింది. పక్కనున్న ఖాళీ జాగా వైపు తిరిగింది.

"ఇక్కడ పెద్దాయన ఉండాలే?"

"నేనే మార్పించాను. అస్తమానం సూది, సూది అని ఒకటే గోల!"

"ఆయనకు మేమెప్పుడూ సూది వెయ్యలేదండీ" అంది నర్సు మెల్లగా. "మెడ కింద ఒళ్లంతా ఎప్పుడో చచ్చుబడింది, ఆయనకసలు నొప్పే తెలీదు, మీ నాన్నగారు పిడికిలి బిగించినప్పుడల్లా చూసి, ఆయన బదులు అరిచేవారు."