రెండు చుక్కలు ఒకే చోట

వాకీటాకీ సెట్టులో మళ్ళీ గుసగుస. "సార్... జర ఇనుండ్రి..."

"గొంతు పోయిందా పరశురాములూ? మాటలొద్దు, రాసి పంపు!" అని అరిచాను.

అతను అడవిలో పులి జాడ చూసే మనిషి. కొత్త వాకీటాకీ ఇచ్చి పది రోజులైంది. నాలుగు ముక్కలు కొట్టి మీట నొక్కితే చాలు, ఆ ముక్కలూ, అతనున్న చోటు చూపే చుక్కా నా సెట్టు తెర మీద పడతాయి. ఆ మాత్రం నేర్పడానికి ఫారెస్టు ఆఫీసర్‌నైన నేను ఆసిఫాబాద్ నుంచి వచ్చి రోజూ గొంతు చించుకోవాలి. ముప్పై ఏళ్ళుగా అడుగుజాడలు చదువుతున్నాడట! ఏం లాభం, ఒక్క మీట నొక్కడం రాదు.

పత్తిచేను గట్టు మీద ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను. పత్తి ఏరే ఆడవాళ్ళు అన్నాలకు పోయారు. పులి వెనక నుంచే మీద పడుతుందని, తల వెనక కట్టుకొమ్మని వాళ్ళకు మనిషి ముఖం మాస్కులు పంచాను. ఒకటి మిగిలింది. నేనేమన్నా కూలివాణ్ణా? వెనక్కి విసిరేశాను.

సెట్టు కూసింది. తెర మీద పరశురాములు చుక్క సరిగ్గా నా చుక్క మీదే పడింది.

"శభాష్! నా ఒళ్ళో కూర్చున్నావన్నమాట!" అని పగలబడి నవ్వాను.

నవ్వడం అయ్యాక, చుక్క కింద అతను రాసింది చదివాను.

"మీ ముంగటి ఇప్పచెట్టు మీదున్న సార్. ఒర్రకుండ్రి, సప్పుడు చెయ్యకుండ్రి. మాస్కు తలెన్క కట్టుకొని మెల్లగ లేవుండ్రి. ఎన్కకు మాత్రం తిరగకుండ్రి."

మాస్కు నా వెనకే ఉంది.